రికవరీ జోలికి వెళ్ళకండి

మామయ్యగారూ, కంప్యూటర్ ఆపకండి. తెరమీది నీలం గీత చివరిదాకా వచ్చేవరకు ప్లగ్గు పీకి అక్కడ ఇస్త్రీపెట్టె పెట్టకండి.

నిన్న మీరు చెత్త అనుకుని చెరిపేసిన రికవరీ భాగం, కంప్యూటర్ పడకేస్తే మళ్ళీ లేపి కూర్చోబెట్టడానికి అందులోనే దాచి ఉంచినది. అదెలాగూ పాతబడింది కాబట్టి ఇప్పుడు కొత్తది ఎక్కిస్తున్నాను.

"పనీ పాటా లేకుండా అంత చోటు ఆక్రమించుకుని కూర్చుంటే తీసేశానమ్మా" అన్నారు. ఆ లెక్కన ఆదివారం సోఫాలోంచి మీ అబ్బాయిని కూడా తీసేయాలి.

అత్తయ్య పాటలు పోయాయేమోనని నిన్న భోజనం సగంలో లేచారు. అవన్నీ భద్రంగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మీ కళ్ళజోడు పెట్టెలో పెట్టాను.

కోడలు

మరిచాను, మీ అబ్బాయికి కరెంటు పోయి కంప్యూటర్ పాడైందని చెప్పాను. మీరూ ఆ మాటమీదే ఉండండి.