వెన్నెల పిడికిట్లో నక్షత్రం

అమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబితే “సరే బిడ్డా” అని మరిచిపోతావు. అందుకే ఈ కార్డు. అద్దం పక్కన అంటించుకో.

ఫిట్స్ రాకుండా డాక్టరు మన వెన్నెలకు అన్నం, తీపి మాన్పించి గుడ్లు, నెయ్యి మీద ఉంచాడు కదా. అయినా బడిలో ఎవరి పుట్టినరోజైనా ఆయమ్మ చాటుగా చాక్లెట్ పెట్టేది. “ఒక్కటి తింటే ఏమైతదమ్మా? పిల్ల మొఖం జూస్తే పానం ఒప్పుతలేదు” అనేది. పోయిన నెల ఆ ఒక్కదానికే పిల్ల క్లాసులో పడిపోయింది. దవాఖాన చీటీ పట్టుకెళ్లి టీచరుతో గట్టిగానే గొడవపడ్డాను.

ఇవాళ బడిలో ఒక పిల్లాడి పుట్టినరోజు. అందరికీ చాక్లెట్లు పంచి, దీని అరచేతిలో మాత్రం వెండి నక్షత్రం స్టిక్కర్ అంటించాడట. టీచరే చెప్పి తెప్పించిందట. ఆటోలో ఇంటిదాకా పిడికిలి విప్పలేదు. ఇప్పుడు కిటికీ పక్కన, వాన వెలుతురులో, నిద్రలోనూ మూసుకునే ఉంది. లోపల ఆకాశమేదో ఉన్నట్టు నవ్వుతోంది.

బాపు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆదివారం పాలకుర్తి వస్తున్నాం. దాని తిండి నేనే తెస్తాను. దసరాకు నువ్వు కొంగుచాటున పెట్టిన బెల్లంముక్క సంగతి నాకు తెలుసమ్మా. ఈసారి చెయ్యి చాస్తే ఒక బంతిపువ్వు పెట్టు. నువ్వేం పెట్టినా అది పిడికిలి బిగించుకుంటుంది.

బాపుకు దండాలు.
నీ బిడ్డ యమున