బల్లకు ఆ చివర ఆర్డిస్

నేను, రస్సెల్ క్వామీ, వయసు డెబ్బై ఎనిమిది, మిన్నెసోటా రాష్ట్రంలోని హాల్వర్ విశ్వవిద్యాలయానికి పంతొమ్మిదేళ్లు అధ్యక్షుడిగా పనిచేసి విరమించినవాడిని, ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి స్థిమితంగా ఉంది. పోయిన వారం డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ సరిగానే జవాబిచ్చాను. బలవంతంగా నాచేత దీన్ని ఎవరూ రాయించడం లేదు. వేరే రకం ఒత్తిడి ఒకటి ఉంది, అది నాలుగో అంశంలో వస్తుంది. ఇంతకుముందు రాసిన వీలునామా దీనితో రద్దవుతుంది.

1. నా భార్య ఆర్డిస్ చెల్లెలు వెర్నా ఓస్టబీని ఈ వీలునామాకు అమలుకర్తగా నియమిస్తున్నాను. ఆమె ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. హోదాలకు బెదరదు. నా పదవీ స్వీకారం రోజు నల్ల గౌను మీద వెండి గొలుసు వేసుకుని బయటికి వస్తే, "రస్సెల్, ఎద్దుకు గంట కట్టినట్టుంది. ఇక నువ్వెక్కడ మేస్తున్నా వాళ్లకు తెలిసిపోతుంది" అంది. తెలుస్తూనే ఉండేది.

2. పదవిలో ఉన్నన్నాళ్లూ మేం కాపురమున్న అధ్యక్ష భవనం, అందులోని వెండి సామాను, పియానో, తివాచీలు విశ్వవిద్యాలయానివి. వాటి మీద నాకు హక్కు లేదు. వంటింటికి పసుపు రంగు వేయిస్తానని ఆర్డిస్ అడిగితే, భవనాల కమిటీ రెండు సమావేశాలు పెట్టి కుదరదంది. నా సొంతమైనది బెమిజీ దగ్గర సరస్సు ఒడ్డున ఉన్న చెక్క ఇల్లు ఒక్కటే. నా తదనంతరం అది మా అమ్మాయి కారిన్‌కు సర్వహక్కులతో చెందుతుంది. షరతులేమీ లేవు. ఆ ఇంట్లో వంటిల్లు పసుపు రంగులోనే ఉంది. మార్చాలనుకుంటే కారిన్ ఎవరినీ అడగనక్కర్లేదు.

3. చరిత్ర శాఖలో నాతోపాటే ఉద్యోగంలో చేరిన లీలాండ్ స్ట్రౌడ్‌కు, చలికాలంలో సరస్సు గడ్డకట్టాక చేపలు పట్టే నా సామాను ఇస్తున్నాను: గుడారం, మంచు తొలిచే మర, రెండు మడత కుర్చీలు. నేను జర్మన్ శాఖను మూసేసిన ఏడాది అధ్యాపకుల సభలో నా మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే. "వ్యక్తిగతంగా రస్సెల్‌తో నాకే పేచీ లేదు, మొన్న శుక్రవారమే వాళ్లింట్లో చేప వేపుడు తిన్నాను" అని మొదలుపెట్టాడు. తీర్మానం నెగ్గింది. ట్రస్టీలు నన్నే కొనసాగించారు. ఆ డిసెంబరులో భవనంలో మేమిచ్చిన విందుకూ లీలాండ్ వచ్చాడు, రెండోసారి వడ్డించుకున్నాడు. సరస్సు మీదికి మాత్రం మళ్లీ కలిసి వెళ్లలేదు. రెండో కుర్చీ ఆయనది.

4. విశ్వవిద్యాలయ ప్రార్థన మందిరం చాపెల్ వెనుక గుట్ట మీద, పాత అధ్యక్షుల సమాధుల వరసలో నాకొక చోటు ఉంది. పదవీ విరమణ నాడు ట్రస్టీలు దానికి రాయి చెక్కించి బహూకరించారు. పేరు, పుట్టిన ఏడు చెక్కి ఉన్నాయి, రెండో ఏటికి ఖాళీ వదిలారు. సభ చప్పట్లు కొట్టింది. నేను కృతజ్ఞతలు చెప్పాను.

కారిన్ ఇప్పుడు విశ్వవిద్యాలయంలోనే విరాళాల విభాగం చూస్తోంది. "నాన్నా, స్థాపక దినం నాడు దాతలందరినీ ఆ గుట్ట మీదికే తీసుకెళ్తాం. నా సొంత తండ్రే ఆ వరసలో లేకపోతే వాళ్లకేం చెప్పను? కావాలంటే అమ్మను కూడా ఇక్కడికే తెచ్చేద్దాం" అంది. మంచి ఉద్దేశంతోనే అంది.

ఆర్డిస్ పోయి ఆరేళ్లయింది. రోజో అనే ఊళ్లో తన పుట్టింటివాళ్ల చర్చి ఆవరణలో, తను కోరుకున్న చోటే ఉంది. ఆమెను కదపకూడదు. నన్ను రోజోలో, ఆమె పక్కన పూడ్చాలి.

కారణం రాస్తున్నాను. భవనంలో విందుల బల్ల ఇరవై నలుగురికి సరిపోతుంది. ఈ చివర అధ్యక్షుడు, ఆ చివర ఆయన భార్య, నడుమ దాతలు. అది పద్ధతి. పంతొమ్మిదేళ్లూ అలాగే కూర్చున్నాం. ఆమె నవ్వడం కనిపించేది, దేనికో వినిపించేది కాదు. ఆఖరి విందు అయ్యాక ఆర్డిస్ చెప్పులు విప్పుకుంటూ, "ఇన్నేళ్లూ నువ్వు సూపు తాగడం దుర్భిణీలోంచి చూసినట్టు చూశాను. రోజోలోనైనా నా పక్కన ఉండు" అంది. సరేనన్నాను. పదవిలో ఉన్నప్పుడు నేనిచ్చిన మాటల్లో కాగితం మీదికి వచ్చినవే నిలిచాయి. అందుకే దీన్ని కాగితం మీద పెడుతున్నాను.

5. గుట్ట మీది రాయిని తీయించవద్దు. ఖాళీలో నేను పోయిన ఏడు చెక్కించి అక్కడే ఉంచాలి. కారిన్, దాతలు రాయినే చూస్తారు. కింద ఎవరున్నారని నా హయాంలో ఒక్కరూ అడగలేదు.

6. అంత్యక్రియల తర్వాత రోజో చర్చి కింది హాల్లో భోజనం పెట్టాలి. బంగాళాదుంపలు పరిచి ఓవెన్‌లో కాల్చే హాట్‌డిష్, పల్చటి లెఫ్సె రొట్టెలు, కాఫీ చాలు. ట్రస్టీలు వస్తే రానివ్వండి, ప్రసంగాలు వద్దు. బల్లల మీద పేర్ల చీటీలు పెట్టకూడదు. ఎవరు ఎవరితో కలిసి వచ్చారో, వాళ్ల పక్కనే కూర్చోవాలి.

బెమిజీ, 2019 నవంబరు 14.

(సంతకం) రస్సెల్ క్వామీ

నా ఎదుట చదివి సంతకం చేసిన సాక్షులు:
డెల్బర్ట్ ఫాస్, పక్కింటివారు
మార్లిస్ కీల్, పోస్టాఫీసు ఉద్యోగిని