స్కానుకు పోయేనాటి పసుపుతాడు

ఇంగ్లండుల స్లౌ అనే ఊర్ల చిన్నబిడ్డ స్రవంతి ఇంట్ల ఉంటున్న నేను, కీర్తిశేషులు గోపాల్‌రావు భార్య సుగుణను, పూర్తి తెలివితోని, ఎవరి బలవంతం లేకుండ ఈ వీలునామా రాస్తున్న. ఊకె దిగులు పడే రంది మనిషినని అందరు నవ్వుతరు. రంది వేరు, మతి తప్పుడు వేరు. నాది రందే.

1. ఇంతకుముందు రాసిన కాగితాలేవీ చెల్లవు. దీన్ని అమలు చేసే బాధ్యత చిన్నల్లుడు అమరేందర్‌ది. మరుపు మనిషి, ఫ్రిజ్ మీద అంటించుకోవాలె.

2. పెద్దల్లుడు కిషన్‌రావుకు నా ఆస్తిల ఏ హక్కు లేదు. నా పెద్దబిడ్డ సులోచన రొమ్ముల గడ్డ తగులుతున్నదంటే, పాలగడ్డ, అదే కరుగుతదని డాక్టరు దగ్గరికి పోనియ్యలే. నా బిడ్డే కరిగిపోయింది. ఆయన కొనిచ్చిన మిక్సీ ఆయనకే వాపసు.

3. మనవరాలు, స్రవంతి బిడ్డ వర్షితకు నా కాశ్మీరు శాలువా. అమ్మమ్మా డోంట్ వర్రీ అని రోజూ అంటది. నాకు తెలిసిన ఇంగ్లీషు అదొక్కటే.

4. నా చంద్రహారం స్రవంతికి. షరతు: ప్రతి యేడు ఎమ్మారై స్కానుకు పోవాలె. మా అక్క, సులోచన ఇద్దరూ ఆ జబ్బుతోనే పోయిన్రని డాక్టర్లు స్రవంతిని హై రిస్కు అన్నరు. మామోగ్రామని రొమ్ముకు తీసే ఎక్స్‌రేల దొరకనిది దీంట్ల దొరకవచ్చట. పోయినసారి నర్సు మెడల ఏ లోహమూ ఉండొద్దన్నదట. మొగుడుండంగ పుస్తెలు తియ్యనని ఈమె తిరిగొచ్చింది. ఆఫీసుల తెల్లోళ్లను గదమాయించే పిల్ల! పుస్తెలు సాకు. బోర్ల పండబెట్టి ఆ మోత మిషన్లకు తోస్తరని, ఏమన్న కనపడుతదని భయం. భయం సంగతి నాకు చెప్పాల్నా? పోకపోతే రెండో నంబరు కొట్టేసి హారం కిషన్‌రావుకే ఇయ్యాలె. ఆయన కొత్త పెండ్లాం మెడల చూసుకో బిడ్డా.

5. పసుపు కొమ్ము కట్టిన నూలుతాడు, ఇదీ స్రవంతికే. పుస్తెలు కంసాలికిచ్చిననాడు మా అమ్మ ఇట్లనే కట్టుకునేది. లోహం రవ్వంత లేదు. మెడ బోసిపోదు. నేను మొగుడు పోయినదాన్ని, ముడి వెయ్యరాదు. అమరేందరే వెయ్యాలె, నర్సు నవ్వినా సరే. తాడు కుంకుమ భరిణె పక్కన పెట్టిన. ఈ అయిదో నంబరుకు నా సావు దాక ఆగొద్దు. స్కాను బేస్తవారం పొద్దున. బుధవారమే ఇయ్యాలె.

స్లౌ, 12 నవంబరు 2007, సోమవారం.

సుగుణ
(వంకరగ ఉన్నది గని సంతకం నాదే.)

సాక్షులు:
వీరాంజనేయులు, పక్కిల్లు
మొగిలయ్య, ఎదురిల్లు
(వీళ్లకు ఇందుల ఏం రాదు. చాయ్ తాగిన్రు, అంతే.)