పొయ్యి మీద టీ

లోవర్ హట్, న్యూజిలాండ్, 2007

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడ పోలీసు యూనిఫాం తొడిగిన మొదటి తెలుగుదానివని నీ ఫోటో ఇంకా స్టేషన్ గోడ మీదే ఉంది. నీ పనితీరు మాత్రం అక్కడ ఎవరికీ అబ్బలేదు.

మనవాళ్ల ఇంట్లో గొడవని ఫోనొస్తే నువ్వు గుమ్మంలో బూట్లు విప్పి, "అమ్మాయ్, కాస్త టీ పెడతావా?" అనేదానివి. ఇంటికొచ్చిన మనిషి టీ అడిగితే ఏ మొగుడూ కాదనలేడు. ఆమె వెంట వంటింట్లోకి వెళ్లి, నీళ్లు మరిగేలోపు అంతా విని, ఆమెను బయటికి తెచ్చేదానివి.

ఈ సాయంత్రం పక్కింటి పద్మ ఏడుపు వినలేక నేనే పోలీసులకు ఫోన్ చేశాను. ఇద్దరొచ్చారు. మా గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉన్నాను. మర్యాదస్తులే, అదే మా ఖర్మ. మొగుడు పక్కన నిలబడితే పద్మ ఏం చెబుతుంది? నీ టీ సంగతి ఆమెకు నేనెప్పుడో చెప్పాను. అందుకే వచ్చీరాని ఇంగ్లీషులో, "టీ పెట్టాను, తాగి వెళ్లండి" అని రెండుసార్లు బతిమాలింది. వాళ్లు నవ్వి, "నో థాంక్స్" అని వెళ్లిపోయారు.

నేను వెళ్లి తలుపు కొట్టాను. "టీకి వచ్చాను బాబూ," అన్నాను.

"పద్మ పడుకుంది ఆంటీ," అన్నాడతను, తలుపు సగమే తీసి.

లోపల్నుంచి టీ పొంగి మాడుతున్న వాసన వస్తోందక్కా.