చుక్కి పస్తు

1949 ఫిబ్రవరి 8, కోదాడ
సూర్యాపేట పశువుల దవాఖాన డాక్టరు చివరికి ఒప్పుకున్నాడు. ఎద్దులకే తీరిక లేదు, పిల్లికి ఆపరేషనేంది టీచరమ్మా అని రెండుసార్లు తిప్పి పంపినవాడు, ఇవాళ చుక్కి నడుము తడిమి చూసి నవ్వడం మానేశాడు. బండి చక్రం కింద పడ్డప్పుడు విరిగిన ఎముక వంకరగా అతుక్కుందట. కడుపైతే పిల్లలు బయటికి రావు, ఇది చస్తుంది. ఏడు నెలలది. ఎదకు రాకముందే గర్భసంచి తీసేయాలి. పదహారున తెమ్మన్నాడు. ముందు రోజు సాయంత్రం నుంచి పస్తుంచాలి — మత్తులో కక్కితే ఊపిరాడక పోతుందట.
ఇదంతా అమ్మకు రెండుసార్లు చెప్పాను. ఊఁ అంది.

ఫిబ్రవరి 15
సాయంత్రమే పాలగిన్నె బోర్లించాను. కాళ్ల చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. అరవనీ.

ఫిబ్రవరి 16
కోపంతో కలం నిలవడం లేదు.
మత్తుమందు గుడ్డ మూతికి పెట్టారో లేదో కక్కింది. పెరుగన్నం. డాక్టరు తలకిందులుగా పట్టుకుని, నోట్లో వేలు పెట్టి లాగాడు... బతికింది. ఆపరేషను లేదు, ఏమీ లేదు. "సదువుకున్నదానివి, అబద్ధమాడ్తవా?" — కాంపౌండరు ముందే. నేనా అబద్ధమాడింది? దారి పొడవునా బస్సులో పళ్లు కొరుక్కుంటూ వచ్చాను.
అమ్మ బియ్యం ఏరుతోంది. పెట్టావా అంటే పెట్టిన అంది. తలెత్తలేదు. చంపేసేదానివి అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయను.

ఫిబ్రవరి 17
ఎవరి అన్నం వాళ్లమే వడ్డించుకున్నాం.

ఫిబ్రవరి 20
డాక్టరు కార్డు రాశాడు. మిర్యాలగూడకు బదిలీ అయిందట, నెలాఖరుకు వెళ్లిపోతాడు. వచ్చే ఆయన పిల్లుల్ని ముట్టుకోడట. ఇరవై నాలుగున తేవాలి, అదే ఆఖరు. మళ్లీ సెలవు అడగాలి, మళ్లీ పెద్ద టీచరు మూతి విరుపులు చూడాలి. ఎవరి వల్ల?

ఫిబ్రవరి 23
చుక్కిని గదిలో పెట్టి తాళం వేశాను. అమ్మ గడప దగ్గర కూర్చుని తాళంచెవి అడిగింది. ఇవ్వనన్నాను.
అప్పుడంది — "నర్సిని గిట్లనే కడుపు మాడ్చి ఎత్తుకపోయిన. పొయ్యి మీద అన్నం ఉడుకుతనే ఉండె. మళ్ల ఇంటికి తెచ్చుకున్ననా?"
చెల్లెలి పేరు ఈ ఇంట్లో వినపడి ఎన్నాళ్లయింది. పోయిన ఎండాకాలం, రజాకార్లు ఊరి మీద పడతారని అందరం సరిహద్దు దాటి క్యాంపుకు పరుగెత్తాం. ఆరేళ్ల పిల్ల దారంతా అన్నం అడిగింది. క్యాంపులో నాలుగో రోజు వాంతులు, విరేచనాలు... అమ్మ ఇన్నాళ్లూ ఇది మోస్తోందని నాకు తెలియదు. తెలిసి నేనేం చేశాను? అది ఆకలికి పోలేదు, రోగంతో పోయింది అని అరిచాను. అరిచి చెప్పే మాటా అది? నా నోరు పడిపోను.
తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

ఫిబ్రవరి 24
అయింది. ఐదు కుట్లు. నాకకుండా నా పాత లంగా చింపి కడుపుకు కట్టు కట్టాడు. దుంకనివ్వొద్దు, తడి తగలనివ్వొద్దు, రేపటి నుంచి పాలు పెట్టొచ్చు. గంప దించుతుంటే అమ్మ వచ్చి అందుకుంది.

ఫిబ్రవరి 25
పాలు ముట్టలేదు.

ఫిబ్రవరి 26
ముట్టలేదు. ఒళ్లు కాలుతోంది. కట్టు విప్పి చూస్తే ఒక కుట్టు దగ్గర ఎర్రగా ఉంది. డాక్టరు సామాను సర్దుకుంటూ ఉంటాడు. మొదటి బస్సు సోమవారమేనట, రేపు నడవదట. ఈ రోడ్డుకో దండం, ఈ బస్సుకో దండం. తినవే ముండా, అని చుక్కిని తిట్టాను. మగత కళ్లతో చూసి మొహం తిప్పుకుంది.
అమ్మ పొద్దుటి నుంచి గంప పక్కనే ఉంది. పాలు చల్లారితే మళ్లీ కాచి తెస్తోంది, వేలితో మూతికి రాస్తోంది. ఇప్పుడు పెట్టొచ్చు గద బిడ్డా, అని అడుగుతోంది. నాలుగోసారి.
పెట్టొచ్చమ్మా, అంటున్నాను.