కంప్యూటర్ని షాపుకెందుకిచ్చానంటే

అమ్మా,

నీ చిన్నోడి దండాలు. ఇక్కడ నేనూ నీ కోడలూ కులాసా. అక్కడ నువ్వూ, అక్కా, బావా, ఇన్నేళ్ళకి పుట్టి, రెండు నెలలైనా కాకుండానే ఇంటిల్లిపాదినీ ఆడిస్తున్న ఆ చిన్న మేడమ్‌గారూ కులాసా అని నమ్ముతున్నాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర మనవరాలి ముచ్చట్లే. మిగిలిన అరపేజీలో నాకు తిట్లు. అవైనా దక్కినందుకు సంతోషం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. నీ గది కిటికీలు రోజూ తెరుస్తున్నాం. నీ చెవి మిషనుకి కొత్త బ్యాటరీలు అక్క అడ్రసుకి పంపాను. అవి పెట్టుకున్నా ఫోన్లో నా మాట నీకు వినపడదని తెలుసు. పోయినసారి "మందులు వేసుకున్నావా" అని నేనడిగితే "అవునురా, పాపకి జుట్టు భలే ఒత్తుగా ఉంది" అన్నావు. మనిద్దరికీ ఉత్తరాలే నయం. వీటిలో అరవక్కర్లేదు.

ఇక అసలు తగువు. "నాలుగు స్క్రూలు బిగించడానికి షాపువాళ్ళెందుకురా? కళ్ళజోళ్ళ షాపులో కంటికి ఆనని స్క్రూలు బిగించేవాడివి, ఇంట్లో పనికొచ్చేసరికి చేతులు పడిపోయాయా?" అని రాశావు. నువ్వు సరదాకే రాశావు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

నీ కోడలు ఇళ్ళ ప్లాన్లు గీసే పాత కంప్యూటరు సంగతి నీకు తెలుసు. ఇంటి ప్లానొకటి తెరవమని దానికి చెప్పి, అది తెరుచుకునేలోపు బట్టలారేసి వచ్చేది. రెండు నెలల కిందట అది పూర్తిగా మొరాయించింది. సగం గీసిన ప్లాను అందులో ఇరుక్కుపోతే, దానికోసం వచ్చిన మేస్త్రీ మన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇక కొత్తది తప్పదంది నీ కోడలు. కొనాలనడంలో మాకు పేచీ లేదు. దాన్ని ఎవరు బిగించాలన్నదే పేచీ.

"షాపువాళ్ళకే ఇద్దాం. రేపేదైనా తేడా వస్తే వాళ్ళే చూసుకుంటారు. పని మధ్యలో ఆగితే నా పరువు పోతుంది" అని నీ కోడలు. "వాళ్ళు లోపలేం పెట్టారో మనకేం తెలుస్తుంది? మన చేత్తో బిగించుకుంటే ఏది ఎక్కడుందో తెలుస్తుంది. రేపు ఒక ముక్క మార్చాలన్నా మనమే మార్చుకోవచ్చు" అని నేను. భోజనాల దగ్గర ఇదే గోల. చివరికి తనే చేతులెత్తేసింది. "మన పెళ్ళిలో మైకు పాడైతే పెళ్ళిబట్టలతోనే దాన్ని విప్పి కూర్చున్న మనిషివి. నీతో వాదించి ఏం లాభం?" అంది. పదిహేను రోజుల పాటు ఏరి ఏరి ఒక్కో ముక్కా కొనుక్కొచ్చాం.

ఆదివారం భోజనాలయ్యాక బల్లమీద పాత దుప్పటి పరిచి, డబ్బాలన్నీ విప్పాను. అందులో ప్రాసెసరని ఒక బిళ్ళ ఉంటుంది. అగ్గిపెట్టెంతైనా ఉండదు గానీ కంప్యూటరుకి అదే మెదడు. అది కూర్చోవాల్సిన గూట్లో వెంట్రుకల్లాంటి పిన్నులు వందల్లో ఉంటాయి. వంకర పోకుండా దించి వదిలెయ్యాలి. చెయ్యి అదిరి ఒక మూల తగిలిందంటే పిన్నులు వంగిపోతాయి, ఆ బోర్డు ఇక పనికిరాదు. నీ కోడలు ఎదురుగా కూర్చుని, కాగితం మీద ఎలా పెట్టాలో చదివి వినిపిస్తోంది. నేను బిళ్ళని అంచులతో పట్టుకుని గూటి దాకా తెచ్చాను. తెచ్చి, మళ్ళీ డబ్బాలో పెట్టి మూతేశాను.

"షాపుకే ఇద్దాం" అన్నాను.

"ఏమైంది?"

"ఏం లేదు. నువ్వు చెప్పిందే నయమనిపించింది."

పదిహేనేళ్ళ కాపురంలో నాతో వాదించి గెలిచి కూడా తను సంతోషించకపోవడం అదే మొదటిసారి. నా మొహంలోకి అదోలా చూసి, దుప్పటి మడతపెట్టింది. నీకు కూడా 'షాపుకిచ్చేశాం' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను.

మర్నాడు డబ్బాలన్నీ మోసుకుని నేనొక్కణ్ణే వెళ్ళాను. అది మేడమీద రెండు గదుల షాపు. నడిపేదీ బిగించేదీ కూడా యాభై దాటిన ఒకావిడే. చూడగానే నా కళ్ళు ఆవిడ కళ్ళజోడు మీదికి పోయాయి. స్క్రూ ఊడిపోయిన కాడని దారంతో కట్టుకుంది. మా వృత్తి అలాంటిది, మనుషుల కన్నా ముందు ఫ్రేములు కనపడతాయి. ఆవిడ కనిపెట్టి నవ్వింది. "ఏంటండీ, దారం కేసి చూస్తున్నారు? మీరేం చేస్తుంటారు?" అంది. చెప్పాను.

"దేవుడే పంపాడు మిమ్మల్ని! ముందు నాది మీరు బిగించండి, ఆనక మీది నేను బిగిస్తాను" అని కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టింది. చిన్న స్క్రూలున్న డబ్బా ముందుకి తోసింది.

కాదనడానికి కారణం దొరకలేదు. సరిపోయే స్క్రూ ఏరాను. మొదటిసారి జారిపోయింది. రెండోసారీ జారింది. మూడోసారి కిందపడి బల్ల కిందికి దొర్లిపోయింది.

అప్పటికి కొన్నాళ్ళుగా నా చెయ్యి వణుకుతోందమ్మా. ఇప్పుడు కాదు, కంగారుపడకు. గడిచిపోయింది కాబట్టే రాస్తున్నాను. నువ్వు అక్క దగ్గరికి వెళ్ళిన నెలరోజులకి మొదలైంది. ముందు టీ కప్పు సాసర్లో గలగలలాడింది. తర్వాత షాపులో చిన్న స్క్రూ పనులన్నీ ఏదో ఒక వంకతో పక్కవాడికి తోసేయడం మొదలుపెట్టాను. ఈమధ్య ఉత్తరాలు కోర్టు నోటీసుల్లా కంప్యూటర్లో కొట్టి పంపుతున్నావేంట్రా అని అడిగావు కదా, అదీ అందుకే. అక్షరాలు చూస్తే నువ్వు ఇట్టే పట్టేస్తావని. నీ కోడలికీ చెప్పలేదు. నాన్నని మంచాన పడేసిన వణుకు కూడా అలా కప్పు దగ్గరే మొదలైందని నువ్వే ఎన్నోసార్లు చెప్పావు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి.

షాపావిడ అయస్కాంతంతో స్క్రూ వెతికి తీసి పక్కన పెట్టింది. రెండు చేతులూ చాపమని, వాటి మీద తెల్లకాగితం పరిచింది. కాగితం గాలికి ఊగినట్టు ఊగింది.

"గుండె దడదడలాడుతోందా?"

"అవునండీ."

"ఆకలి బాగా వేస్తూనే చిక్కిపోతున్నారా? చెమటలు ఎక్కువగా పడుతున్నాయా?"

అన్నిటికీ అవుననే అన్నాను. చొక్కా కాలరులో నా మెడ పక్కన రెండు వేళ్ళు దూరేంత ఖాళీ ఆవిడకి కనపడుతూనే ఉంది.

"మా చెల్లెలికి అచ్చం ఇలాగే ఉండేది. థైరాయిడ్. మీది కూడా అదేనని నేను చెప్పలేను గానీ, రేపు పొద్దున్నే రక్తపరీక్ష చేయించుకోండి. చేయించుకుని రిపోర్టు చూపిస్తేనే మీ కంప్యూటరు ఇస్తాను" అంది.

ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టింది. ప్రాసెసరు ఆవిడే దించింది. ర్యామ్ అని కంప్యూటరు జ్ఞాపకానికుండే పలకముక్కలు మాత్రం నా చేతికిచ్చి, "వీటికి వణుకుతో పేచీ లేదు, బలం కావాలి. భయపడకుండా నొక్కండి" అంది. 'టక్' మనేదాకా నొక్కాను. నవ్వకు, ఆ కంప్యూటర్లో నేను బిగించింది కూడా ఉంది.

పరీక్షలో థైరాయిడ్ మోతాదు మించి పనిచేస్తోందని తేలింది. డాక్టరుకి నాన్న జబ్బు సంగతంతా చెప్పాను. ఆయన నన్ను అటూ ఇటూ నడిపించాడు, వేళ్ళు ఆడించమన్నాడు, కాగితం మీద చుట్లు గీయించాడు. "మీ నాన్నగారికి వచ్చింది ఇది కాదు. ఇది మాత్రలకి లొంగుతుంది" అన్నాడు. ఐదు వారాలుగా మాత్రలు వేసుకుంటున్నాను. రెండు కిలోలు పెరిగాను కూడా. పోయిన శనివారం ఆ షాపుకి వెళ్ళి ఆవిడ కళ్ళజోడుకి స్క్రూ బిగించి, దారం తీసి చెత్తబుట్టలో పడేశాను. ఇంట్లోనే కంప్యూటరు బిగించుకుని ఉంటే నేను ఆవిడ కళ్ళజోడూ చూసేవాణ్ణి కాదు, ఆవిడ నా చెయ్యీ చూసేది కాదు. కాబట్టి ఆ తగువులో నీ కోడలిదే గెలుపు.

దాచిపెట్టినందుకు తను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడింది. అంతకన్నా మాట్లాడకపోవడమే నయమనిపించింది. ఇప్పుడు నీ వంతు. నీకు ఇన్నాళ్ళూ ఈ సంగతి రాయకపోవడానికి అక్కకి నెలలు నిండాయన్నది ఒక కారణం. అది సగమే నిజం. ఉత్తరం అందిన గంటలో నువ్వు సంచీ సర్దుకుని బయల్దేరతావని తెలుసు. ఇప్పుడు కూడా బయల్దేరకు. అక్క లేచి తిరిగేదాకా అక్కడే ఉండు.

మిగిలిన సగం కూడా చెప్పేస్తాను. డాక్టరు "ఇది కాదు" అన్నాక బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నలభై దాటిన మనిషిని. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ చూస్తున్నా ఆపుకోలేకపోయాను. నా గండం గడిచిందని కాదమ్మా. తొమ్మిదేళ్ళు నాన్న చొక్కా గుండీలు నువ్వు పెట్టావు. కప్పు నువ్వు పట్టుకున్నావు, ముద్ద నువ్వు పెట్టావు. ఒక్కరోజు కూడా నువ్వు విసుక్కోవడం నేను చూడలేదు. ఆ నెలలన్నీ నేను భయపడింది చావుకీ కాదు, మంచానికీ కాదు. ఈ వయసులో నీ చేత మళ్ళీ ఆ గుండీలు పెట్టించుకోవాల్సి వస్తుందేమోనని. వస్తే నువ్వు పెట్టేదానివే. ఒక్క మాటైనా అనకుండా పెట్టేదానివి. అదే నాకు భరించరానిదిగా ఉండేది.

ఈ రోజు పొద్దున చొక్కా గుండీలన్నీ నేనే పెట్టుకున్నాను, పైన మెడ గుండీతో సహా.

ఇట్లు,
కాస్త ఒళ్ళు చేస్తున్న
నీ చిన్నోడు