సంచి వచ్చింది, నువ్వు రాలా

పులికాట్ ఒడ్డు,
కార్తీక మాసం

ప్రియమైన తమ్ముడు చెంగల్రాయుడికి,

మీ అక్క వరదమ్మ రాసేది. ఫోను చెవి కాడ పెడితే జుయ్యిమని రొద తప్ప నాకు మాట వినపడడంలా. నువ్వు చూస్తే, చెవులు వినపడేవాళ్ళతో కూడా మాట్లాడవు. అందుకే కాగితం తీసినా.

కంటి సంగతి చెప్పాల. కోడలు కోమలి నన్ను పెద్ద డాక్టరుకు చూపించింది. ఎడమ కన్ను ఇంక రాదంట. కుడి కంట్లో నరం ఎండిపోతా ఉండాదంట, దానికి ఆపరేషన్ లేదంట. ఎండాకాలం దాకా చూపు నిలిస్తే గొప్ప అన్నాడు. నిన్ను కంగారు పెట్టేదానికి రాయలా. ఇంటికొచ్చి కూసోని, చూపు ఉన్నప్పుడే ఏమేమి చూడాలబ్బా అని ఆలోచన చేసినా. సరస్సును రోజూ చూస్తానే ఉండా. మనవరాలు కండ్ల ముందరే తిరగతా ఉండాది. నీ మొగమే నాకు సరిగ్గా గుర్తుకు రాలా. మరదలు అలివేలమ్మ పోయినప్పుడు మీ ఇంటికి వచ్చినా గదా, దినాలన్నాళ్ళూ నువ్వు తల వంచుకోనే కూసోనుంటివి. నీ నడినెత్తి ఒకటే చూసి తిరిగొచ్చినా.

ఈ మోకాళ్ళతో నేను ఇంక బస్సు ఎక్కలేను. మావాడు చెన్నైలో పనికి పోయినాడు, నిన్ను తోడ్కోని వచ్చేదానికి ఈడ మనిషి లేడు. నువ్వే రావాల. అలివేలమ్మ ఉండంగా ఒకసారి ఆమె లాక్కోని వస్తే వచ్చినావు, మళ్ళీ నా గడప తొక్కలా. ఎర్రకాళ్ళ కొంగలు దిగినాయి. ఇద్దరం గట్టు మింద కూసోని చూస్తాం.

దీనికి జవాబు జాబు కాదు, నువ్వు రా.

మీ అక్క
వరదమ్మ


కాణిపాకం పక్క మన ఊరు

ప్రియమైన అక్కకు,

జాబు అందింది. మళ్ళీ మళ్ళీ చదివినా.

రావాలనే ఉండాది. ఈడ దొంగలు జాస్తి అయినారు. మొన్న పక్కచేను బోరు కాడ కేబులు కోసకపోయినారు, లోపలి రాగి కోసం. మన మోటారు కొత్తది. ఇంటికి టైల్స్ కూడా వేయించినా. వదిలి రావాలంటే గుండె దడ.

మిక్సీ పంపిస్తా ఉండా. మంచి రకం. పచ్చడి నూరే బాధ నీకు తప్పుతాది.

కన్ను జాగ్రత్త.

నీ తమ్ముడు
చెంగల్రాయుడు


పులికాట్ ఒడ్డు

ప్రియమైన తమ్ముడికి,

మిక్సీ వచ్చింది. కోమలి సంబరం చెప్పబన్లేదు. అప్పుడే టెంకాయ పచ్చడి చేసి నాకు పెట్టింది. మంచి మిక్సీనే. గిర్రున తిరిగింది, గుర్రుమనింది. నన్ను అక్కా అని మాత్రం పిలవలా.

ఏమప్పా, టైల్స్ ను కూడా దొంగలెత్తకపోతారా? నేలకు అతికించినవాటిని పెరుక్కోని కూసునేదానికి వాళ్ళకు వేరే పని లేదా? మోటారుకు కావలి ఉండావు, సరే. నీకు జరమొస్తే ఆ మోటారు లేచొచ్చి రవంత కాఫీ పెట్టిస్తాదా?

నవ్వులాటకు రాస్తా ఉండా గానీ, నాకు దిగులుగా ఉండాది. నిన్న పొద్దున గట్టు మిందికి పోతే నీళ్ళ మింద తెల్లగా ఏందో పరిచినట్టుండె. మంచు అనుకున్నా. "అవ్వా, అవి కొంగలు! రెక్కలు ఎంత ఎర్రగా ఉండాయో సూడు" అనింది మనవరాలు. నాకు ఎరుపు కనపళ్ళా.

ఇంకేం పంపొద్దు. పంపితే వచ్చిన బస్సులోనే తిప్పి వేస్తా.

మీ అక్క
వరదమ్మ


మన ఊరు

ప్రియమైన అక్కకు,

నీ జాబు చదివినంక నిద్ర పట్టడంలా.

వచ్చేదానికే అనుకుంటి. వాన పట్టుకునింది. బోరు కాడ ఎవురో తిరగతా ఉండారని కూడా అన్నారు.

కోప్పడద్దు. తిరుపతిలో బస్సు కార్గోకు ఒక సంచి వేసినా. అందులో చీర ఉండాది. చార్జింగు లైటు ఉండాది, పెద్దది. వెలుతురు జాస్తి అయితే కనపడతాదేమోనని.

ఎరుపు కనపడిందా?

నీ తమ్ముడు
చెంగల్రాయుడు


పులికాట్ ఒడ్డు,
మార్గశిరం

ప్రియమైన తమ్ముడికి,

గీత వంకర పోతే ఏమనుకోవద్దు. స్కేలు పెట్టుకోని రాస్తా ఉండా.

సంచి వచ్చింది. చెప్పినట్టే తిప్పి వేద్దామంటి. "వాసన వస్తా ఉండాదత్తా" అని కోమలి విప్పింది. చీర ఉండాది, లైటు ఉండాది. వాటి కింద అరిటాకులో కట్టిన పులిసన్నం, బూజు పట్టి. దాని కింద నీ పంచ, చొక్కా, పండ్లు తోముకునే పొడి, పచ్చ కండువా. అన్నిటికీ అడుగున నీ బీపీ మాత్రలు.

రేయ్ చెంగా, ఆ పులిసన్నం నాకు పంపినావా? నీ చొక్కా నేను తొడుక్కోవాల్నా?

కోమలికి అర్థం కాలా. నాకు అయింది. ఆ సంచి నాకు సర్దింది కాదు, నువ్వు ప్రయాణానికి సర్దుకున్నది. తిరుపతి బస్టాండు దాకా వచ్చినావు. ఆడ నిలబడి నిలబడి, సూళ్ళూరుపేట బస్సు ఏదని ఒక్కర్ని అడగలేక, సంచిని కార్గోలో వేసి నువ్వు వెనక్కి పోయినావు. ఆ కంగారులో నీ అన్నం తీసుకోవాలని కూడా తోచలా. ఆ పొద్దు ఏం తిన్నావు? మాత్రలు లేకుండా ఎట్లుండావు?

చిన్నప్పుడు బెల్లానికి అంగడికి పంపితే, జనం మధ్య నోరు తెరవలేక ఊరికే తిరిగొచ్చేవాడివి. మళ్ళీ నీ చెయ్యి పట్టుకోని పోయి నేనే అడిగేదాన్ని. తర్వాత అలివేలమ్మ అడిగింది. ఇప్పుడు నీకు అడిగిపెట్టే మనిషి లేదు. నిన్ను పట్టుకోనుండేది మోటారు కాదు నాయనా. అది నీకూ తెలుసు, నాకూ తెలిసిపోయింది. ఇంక దాచొద్దు.

విను. నేను ఏండ్ల తరబడి ఎండు రొయ్యల గంప ఎత్తుకోని కాళాస్తికి, తిరుపతికి తిరిగినదాన్ని. ఆస్తి కూడబెట్టలా గానీ, దావ పొడుగునా నాకు మనుషులుండారు. కోమలితో ఫోన్లు చేయించినా. తిరుపతిలో కాళాస్తి బస్సు కండక్టరు మునిశేఖర్ ఉండాడు. వాళ్ళమ్మకు నా రొయ్యలు లేందే ముద్ద దిగదు. శుక్రవారం పొద్దున బస్సు ఆయనదే, నిన్ను ఎక్కించుకుంటాడు. కాళాస్తి బస్టాండు ముందర రాజశ్రీ అని పూలంగడి పెట్టుకోనుండాది. ఆ యమ్మి నీకు సూళ్ళూరుపేట బస్సు చూపిస్తాది. ఆడ గ్రేసీ ఉంటాది, ఆటో నడుపుతాది, మా ఇంటి ముందర దించుతాది. గుర్తుకు పచ్చ కండువా వేసుకోని రా. నువ్వు ఎవర్నీ అడగబన్లేదు. వాళ్ళే నిన్ను అడుగుతారు.

చేతిలో ఏమీ తేవద్దు. ఏదన్నా ఉంటే దాన్ని పంపించి నువ్వు నిలబడిపోతావు.

మీ అక్క
వరదమ్మ


మన ఊరు

ప్రియమైన అక్కకు,

మాత్రలు ఇంట్లో ఇంకో పట్టీ ఉండె. బాగుండా. ఆ పొద్దు ఏమీ తినలా.

పచ్చ కండువా నాకు ఒకటే. అది నీ కాడికి వచ్చేసింది. ఎర్రది ఉండాది. వాళ్ళకు తెలుస్తాదా?

భయంగా ఉండాది.

నువ్వు స్కేలు పెట్టుకోని రాయద్దు. కండ్లు నొప్పి పెడతాయి.

నీ తమ్ముడు
చెంగల్రాయుడు


తమ్ముడికి,

ఎరుపని అందరికీ చెప్పించినా. వచ్చే శుక్రవారం.

ఇది నా చేతి రాతే. అక్షరాలు ఒకదాని మింద ఒకటి ఎక్కినాయంట. నేను చూసుకోలేను. ఎండ ఉన్నంతసేపే రవంత కనపడతాది. పొద్దు వాలితే అంతా పొగ. ఇంక రాయను.

పొద్దు వాలకముందే రా. ఆలస్యం చేయద్దు, బిన్నా రా.

వరదమ్మ


సూళ్ళూరుపేట,
గ్రేసీ ఆటోలో

ప్రియమైన అక్కకు,

ఈ జాబు పోస్టులో రాదు. నేనే తెస్తా ఉండా.

ఆటో నిండితే గానీ కదలదంట. ఇంకా మనుషులు రావాల. అందుకే రాస్తా ఉండా. గ్రేసీ అద్దంలో చూసి, "ఎవురికి తాతా జాబు?" అనింది. "మా అక్కకు" అన్నా. "వరదమ్మవ్వకా? ఆడికే గదా పోతా ఉండేది! నోటితో చెప్పగూడదా?" అని ఒకటే నవ్వు. నీ ఎదురుగా నాకు నోరు పెగలదని ఆమెకేం తెలుసు.

నువ్వు రాసింది నిజమే. ఆ పొద్దు తిరుపతి బస్టాండులో ఎండ నెత్తికెక్కేదాకా నిలబడినా. అడగాలని ఒకాయన పక్కకు పోతా. ఆయన నా తట్టు తిరిగితే గమ్మున వచ్చేస్తా. అలివేలమ్మ ఉంటే అడిగి, సీటు కూడా పట్టుండును. కార్గో కాడ మాటల పని లేదు. చీటీ మింద నీ అడ్రసు రాసిస్తే వాళ్ళే తీసుకున్నారు. సంచి పోతాది, నేను పోలేను అనిపించింది. వాన అని రాసింది అబద్ధం.

ఈ పొద్దు పక్కింటి ఢిల్లీబాబుకు తాళం ఇచ్చి బయలుదేరినా. పంచ, చొక్కా నీ కాడే ఉండాయి గదా, సంచి లేదు. ఉత్త చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీలా. కండువా కొస పట్టుకోనుంటి.

తిరుపతిలో దిగతానే ఒకాయన వచ్చి, "వరదమ్మత్త తమ్ముడా?" అనినాడు. మునిశేఖర్. డ్రైవరు వెనక సీట్లో కూసోబెట్టినాడు. టికెట్లు కొడతా కొడతా నా కాడికి వచ్చినప్పుడల్లా "బాగుండావా పెద్దాయనా?" అంటాడు. బస్సంతా నన్నే చూసింది. సిగ్గేసింది. కాళాస్తి వచ్చేతలికి రవంత తగ్గింది.

కాళాస్తిలో రాజశ్రీ ఇడ్లీ తెప్పించింది. తింటా ఉంటే ఢిల్లీబాబు ఫోను.

"మామా, నువ్వు అట్ల పోతానే నీ బోరు కాడ కేబులు కోసకపోయినారు. మోటారు లాగేదానికి కూడా చూసినట్టుండారు. మళ్ళీ వస్తారేమో. తిరుక్కోని వస్తావా?"

ఇడ్లీ పక్కన పెట్టేసినా. ఎదురుగానే తిరుపతి బస్సు నిలబడుండాది. అది ఎక్కేదానికి ఎవర్నీ అడగబన్లేదు. ఎక్కితే మాపటికి మోటారు కాడ ఉంటా. సూళ్ళూరుపేట బస్సు యాడుండాదో తెలీదు. రాజశ్రీని చూస్తే, గుడికి పోయే జనం ఆమె అంగడి మింద పడినారు. పూలు మూరేస్తా తల ఎత్తలా.

లేచినా. కాళ్ళు తిరుపతి బస్సు తట్టే పోయినాయి. మెట్టు మింద కాలు పెట్టినా కూడా. కండువా జారితే సర్దుకున్నా. ఎరుపు. నీకు కనపళ్ళేదని రాసినావే, అది గుర్తుకొచ్చింది. కాలు తీసేసినా.

పక్కన ఒకామె బిడ్డనెత్తుకోని, సంచి కింద పెట్టుకోని నిలబడుండాది. పోయి అడిగినా. "అమ్మా, సూళ్ళూరుపేట బస్సు యాడ?"

మాట మెల్లగా వచ్చింది. ఆమె "ఏంది తాతా?" అనింది. మళ్ళీ అడిగినా, గట్టిగా. అంగడి కాడి జనం కూడా తిరిగి చూసినారు. చూడనీలే అనుకున్నా. "నేనూ ఆడికే. రా తాతా, రవంత వీణ్ణి పట్టుకో" అని బిడ్డను నా చేతిలో పెట్టి ఆమె సంచి ఎత్తుకునింది.

అక్కా, దావంతా ఆ బిడ్డ నా ఒళ్ళోనే నిద్రపోయినాడు. చేతులు యాడ పెట్టుకోవాల్నో అనే బాధ లేకపోయింది.

ఢిల్లీబాబుకు నేనే ఫోను చేసి, రాను అని చెప్పినా. "మోటారు మామా?" అనినాడు. "పోతే పోనీ" అన్నా. అయినా ఇప్పుడు కూడా గుండె దడగానే ఉండాది. మోటారుకు కాదు. పొద్దు పడమటికి తిరిగింది, ఆటో ఇంకా నిండలా. నేను వచ్చేతలికి నీ కంట్లో పొగ కమ్ముకుంటాదేమోనని.

ఇంకొకసారి అడగాల. రవంత ఉండు.

అడిగినా. "అమ్మా గ్రేసీ, నిండకున్నా పోదామా? మా అక్కకు పొద్దు వాలితే కనపడదు" అన్నా. "ముందే అడగొచ్చు గదా తాతా!" అని తిట్టి, ఆటో తీసింది. అక్షరాలు ఎగరతా ఉండాయి. ఇప్పుడు నా రాత కూడా నీ రాత మాదిరే ఉండాది.

గట్టు కనపడతా ఉండాది. నీళ్ళ మింద ఎండ ఉండాది ఇంకా.

ఈ కాగితం నీ చేతిలో పెడతా. అప్పుడే చదవద్దు, కోమలితో చదివించద్దు. ముందు నా మొగం చూడు. ఎంతసేపన్నా చూడు. తల వంచుకోను.

నీ తమ్ముడు
చెంగల్రాయుడు